ఊహకు అందే ఏపీఐ

కొత్త ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను అడిగి పని చేయించుకునే ద్వారం) ఏదైనా రాయడం మొదలుపెట్టే ముందు నేనొక తెల్లకాగితం తీసుకుంటాను. దాని మీద రెండే రెండు సంగతులు రాస్తాను: ఆర్డర్ల జాబితా కావాలంటే ఏ వెబ్ చిరునామాకు వెళ్లాలి, పదిహేడో నంబరు ఆర్డర్ ఒక్కటే కావాలంటే ఏ చిరునామాకు వెళ్లాలి. ఆ కాగితాన్ని ఈ పనితో ఏ సంబంధమూ లేని సహోద్యోగి ముందు పెట్టి ప్రశ్నలు అడుగుతాను. ఈ ఆర్డర్‌ను రద్దు చేయాలంటే ఏం పంపుతారు? ఇందులోని వస్తువుల వివరాలు ఎక్కడ దొరుకుతాయి? లేని ఆర్డర్‌ను అడిగితే ఏం వస్తుంది? ఆర్డర్ పెట్టిన సమయం ఏ పేరుతో, ఏ రూపంలో ఉంటుంది? వాళ్లకు తోచినది రాస్తారు. తప్పో ఒప్పో నేను చెప్పను. వాళ్ల ఊహకూ మా రూపకల్పనకూ తేడా వచ్చిన చోట చాలాసార్లు మార్చింది మా రూపకల్పననే.

ఈ అలవాటు వెనుక పదకొండేళ్ల నాటి అనుభవం ఒకటి ఉంది. అప్పట్లో నేను ఏపీఐలు రాసేదాన్ని కాదు, వేరేవాళ్లు రాసినవి వాడేదాన్ని. మా గోదాము సాఫ్ట్‌వేర్‌ను ఒక సరుకు రవాణా సంస్థ వ్యవస్థతో కలిపే పని నాకు అప్పగించారు. మూడు వారాల్లో అయిపోతుందనుకున్న పని నాలుగు నెలలు పట్టింది. ఆ ఏపీఐని ఏ భాగానికా భాగం విడిగా చూస్తే బాగానే ఉంది. ఖాతాదారుల జాబితాకు చిరునామాలో ‘గెట్‌కస్టమర్స్’ అని ఉండేది. సరుకుల జాబితాకు ‘షిప్‌మెంట్/లిస్ట్’. బిల్లులకు మాత్రం ఉత్త ‘ఇన్‌వాయిసెస్’. ఖాతాదారు సంఖ్యను మొదటి దానిలో ‘కస్టమర్ ఐడీ’ అన్నారు, రెండో దానిలో ‘కస్ట్ నంబర్’, మూడో దానిలో ‘క్లయింట్ రెఫ్’. మూడూ ఒకటేనని రూఢి చేసుకోవడానికి నాకు ఆరు రోజులు, నాలుగు ఈమెయిళ్లు పట్టాయి. ఒకచోట పేర్లలో మాటల మధ్య అండర్‌స్కోరు ఉండేది, మరోచోట మాటలన్నీ కలిపేసి రెండో మాటను పెద్దక్షరంతో మొదలుపెట్టేవారు.

తేదీల సంగతి ఇంకా బాధ పెట్టింది. సరుకుల భాగంలో తేదీ రోజుతో మొదలయ్యేది, బిల్లుల భాగంలో నెలతో. ఖాతాదారుల భాగంలో 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క. మా పరీక్షలు ఆ నెల 4న మొదలై 11న ముగిశాయి. తేదీని ప్రోగ్రామ్ చదవగలిగిందా లేదా అన్నదే చూశాం, సరైన తేదీగా చదివిందా అని చూడలేదు. నాలుగో తేదీ ఆరో నెల అన్నది ఆరో తేదీ నాలుగో నెలగా మారినా ఏ ఎర్రరూ రాదు కదా. 13న పొద్దున్నే ప్రోగ్రామ్ ఆగిపోయింది. పదమూడో నెల అంటూ లేదని దాని ఫిర్యాదు. అప్పటికి అది ఎన్నో బిల్లులను తారుమారు తేదీలతో డేటాబేస్‌లో భద్రంగా రాసిపెట్టింది. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసిన రాత్రులు నాకు గుర్తే.

ఆ మూడు భాగాలనూ మూడు వేర్వేరు జట్లు, వేర్వేరు సంవత్సరాల్లో రాశాయని తరువాత తెలిసింది. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. పక్క జట్టు ఏ పేరు పెట్టిందో చూడలేదు, అంతే. కానీ బయటినుంచి వచ్చినవాళ్లకు జట్లు కనిపించవు. ఒకే సంస్థ, ఒకే ఏపీఐ కనిపిస్తుంది. ఒకచోట నేర్చుకున్నది రెండోచోట పనికివస్తుందని నమ్ముతారు. ఆ నమ్మకం రెండుసార్లు వమ్మయితే, ఆ తరువాత ప్రతి ఎండ్‌పాయింట్‌నూ (ఏపీఐలోని ఒక్కో చిరునామానూ) అనుమానంతో, మొదటినుంచి చదవాల్సివస్తుంది. నాకు నాలుగు నెలలు పట్టింది అందుకే.

అందువల్ల మా జట్టులో ఇప్పుడు ఒక పదకోశం ఉంది. ఒకే పేజీ. కొత్త ఎండ్‌పాయింట్ రాసేవాళ్లు ముందు దాన్ని తెరవాలి. ఒక భావానికి ఒకే మాట: ఖాతాదారును అన్నిచోట్లా ‘కస్టమర్’ అనే అంటాం, ‘క్లయింట్’ అనం, ‘యూజర్’ అనం. జాబితాల చిరునామాలు ఎప్పుడూ బహువచనంలోనే. గడియారం సమయం ఉన్న ఫీల్డ్ (ఒక్కో వివరం ఉండే గడి) పేరు ‘ఎట్’తో ముగుస్తుంది, తేదీ మాత్రమే ఉన్నది ‘డేట్’తో ముగుస్తుంది. కొలత ఉన్న ఫీల్డ్‌లో దాని ప్రమాణం పేరులోనే ఉండాలి. ‘వెయిట్’ పక్కన 2 అని వస్తే అది రెండు కిలోలా, రెండు పౌండ్లా, రెండు టన్నులా? ‘వెయిట్_గ్రామ్స్’ పక్కన 2000 అని వస్తే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ‘టైమవుట్’ కన్నా ‘టైమవుట్_సెకండ్స్’ మేలు. పేరు కాస్త పొడుగవుతుంది, నిజమే. ఆ పొడుగు ఒకసారి టైప్ చేసేవాళ్లకు భారం, కొన్ని వందలసార్లు చదివేవాళ్లకు ఊరట.

అండర్‌స్కోరా, పెద్దక్షరమా అన్న వాదన మాత్రం నేను చేయను. ఏదైనా సరే. ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే పాటిస్తే చాలు. ఈ వాదనతో గంటలు గడిచిన సమావేశాలలో కూర్చున్నాను. ఆ గంటలు పదకోశం మీద పెట్టివుంటే ఎంత బాగుండేదో.

పేరు విషయంలో ఎందుకింత పట్టుదల అంటే, బయటికి వెళ్లిన పేరు తిరిగిరాదు. దీనికి వెబ్ పుట్టిల్లే సాక్ష్యం. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లినప్పుడు ఎక్కడినుంచి వచ్చామో చెప్పే హెచ్‌టీటీపీ (వెబ్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే నియమావళి) హెడర్ (సందేశం ముందు వెళ్లే వివరం) ఒకటుంది, ‘రెఫరర్’ అని. ఆ ఇంగ్లీషు మాటలో నాలుగు ‘ఆర్’ అక్షరాలు ఉండాలి. హెడర్ పేరులో మూడే ఉన్నాయి. 1996 మేలో వెలువడిన 1945 నంబరు ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ నియమాల పత్రం)లోకి ఆ అక్షరదోషం అలాగే ఎక్కింది. అప్పటికే బ్రౌజర్లు, సర్వర్లు ఆ పేరుతోనే మాట్లాడుకుంటున్నాయి, ఇక దిద్దే వీలు లేకపోయింది. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110లోనూ అదే స్పెల్లింగు. ఆ సమాచారాన్ని ఎంతవరకు పంపాలో నిర్ణయించే ‘రెఫరర్ పాలసీ’ హెడర్ చాలా ఏళ్ల తరువాత వచ్చింది, దానిలో నాలుగు ‘ఆర్’లూ ఉన్నాయి. ఒకే విషయానికి సంబంధించిన రెండు హెడర్లు, రెండు స్పెల్లింగులు. ఏపీఐ రాసే ప్రతి ఒక్కరికీ నేను ముందుగా చెప్పే కథ ఇదే.

పేర్ల తరువాత విలువలు. ఇక్కడ జేసన్ (ఏపీఐలు సమాచారం పంపుకునే అక్షర రూపం) మనకు ఒక గోతిని తవ్విపెట్టింది. అందులో సంఖ్య అంటే ఒకే రకం, అది ఎంత పెద్దదైనా కావచ్చు. కానీ దాన్ని చదివే జావాస్క్రిప్ట్ భాష సంఖ్యలను 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో ఉంచుకుంటుంది. 9007199254740991 దాటిన పూర్ణాంకాలన్నిటినీ అది ఖచ్చితంగా పట్టి ఉంచలేదు. మనం 9007199254740993 పంపితే అక్కడ 9007199254740992 కనిపిస్తుంది. ఏ ఎర్రరూ లేకుండా ఒకరి ఆర్డర్ మరొకరి ఆర్డర్ అయిపోతుంది. ట్విట్టర్ 2010లో పెద్ద గుర్తింపు సంఖ్యలకు మారినప్పుడు ఇదే చిక్కు వచ్చి, ప్రతి ఐడీ పక్కనా అదే సంఖ్యను అక్షరాల వరుసగా ఇచ్చే రెండో ఫీల్డ్ చేర్చింది. నా పద్ధతి మొదటినుంచీ ఐడీలను స్ట్రింగులుగానే (అక్షరాల వరుసలుగానే) పంపడం. ఐడీలను ఎవరూ కూడరు, తీసివేయరు. లెక్కలు చేయనిదానికి సంఖ్య రూపం దేనికి? రేపు వరుస సంఖ్యల నుంచి యూయూఐడీలకు (అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి గుర్తులకు) మారాల్సివచ్చినా, అవతలివాళ్ల కోడ్‌లో రకం మార్చే పని ఉండదు.

డబ్బును కూడా దశాంశాలతో పంపవద్దు. 0.1, 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుంది. కరెన్సీలోని అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకంగా పంపి, పక్కనే ఐఎస్ఓ 4217 ప్రకారం మూడక్షరాల కరెన్సీ కోడ్ పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. వందతో భాగిస్తే అసలు మొత్తం వస్తుందని మాత్రం ఎక్కడా అనుకోకూడదు. జపాన్ యెన్‌కు దశాంశ స్థానాలే లేవు, కువైట్ దీనార్‌కు మూడున్నాయి.

సమయానికి ఆర్‌ఎఫ్‌సీ 3339 రూపం: సంవత్సరం, నెల, రోజు, తరువాత గంటలు, నిమిషాలు, సెకన్లు, చివర టైమ్‌జోన్ తేడా. జరిగిపోయిన వాటిని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఇస్తే సరిపోతుంది. జరగబోయే వాటికి అది చాలదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వచ్చే ఏడాది ఫలానా రోజు ఉదయం తొమ్మిదికి సరుకు తీసుకెళ్లాలని ఒకరు నమోదు చేస్తే, వాళ్ల మనసులో ఉన్నది వాళ్ల గోడగడియారంలోని తొమ్మిది. ఈలోగా అక్కడి ప్రభుత్వం వేసవి సమయపు నియమాలు మార్చితే, మనం ముందే యూటీసీలోకి మార్చి దాచుకున్న సమయం గంట తప్పుతుంది. అలాంటి చోట స్థానిక సమయాన్నీ, టైమ్‌జోన్ పేరునూ విడివిడిగా తీసుకుంటాం.

ఇక ఎర్రర్లు. ఒక ఏపీఐని కొత్తగా చూసినప్పుడు నేను మొదట చదివేది ఎర్రర్ల పేజీనే. పని సాఫీగా సాగే దారి అందరూ బాగానే రాస్తారు. దారి తప్పినవాళ్లతో ఎలా మాట్లాడతారన్నదానిలోనే రాసినవాళ్ల శ్రద్ధ బయటపడుతుంది.

ఆ రవాణా సంస్థ ఏపీఐ ఏం జరిగినా 200 (పని అయింది) అనే స్టేటస్ కోడే (ఫలితం చెప్పే మూడంకెల సంఖ్య) ఇచ్చేది. అసలు ఫలితం లోపల ‘సక్సెస్: ఫాల్స్’ అని ఉండేది. రాత్రిపూట నడిచే మా ప్రోగ్రామ్ స్టేటస్ కోడ్ చూసి లెక్కవేసుకునేది. ఒకరోజు వాళ్ల వైపు ఒక ఖాతా గడువు ముగిసింది. ఆ రాత్రి పంపిన రెండు వందలకు పైగా బుకింగులన్నీ తిరస్కరించారు, మా నివేదికలో మాత్రం అన్నీ విజయవంతం. పొద్దున లారీ రాలేదు. గోదాము మేనేజరు ఫోన్ చేసి, “అన్నీ అయిపోయాయని మీ స్క్రీన్ చెబుతోంది కదమ్మా, మరి బండి ఏదీ?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉన్న లాగ్‌ను (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాను) వెతికిపట్టుకోవడానికే రెండు గంటలు పట్టింది.

స్టేటస్ కోడ్ ఆ జవాబును చదివే మనిషి కోసమే ఉన్నది కాదు. మధ్యలో రిక్వెస్టులను చేరవేసే ప్రాక్సీలు ఉంటాయి, జవాబులను దాచి ఉంచే క్యాష్‌లు ఉంటాయి, ఎన్ని విఫలమయ్యాయో లెక్కించి అర్ధరాత్రి మనల్ని నిద్రలేపే పర్యవేక్షణ వ్యవస్థలు ఉంటాయి. అవి లోపలి జేసన్ చదవవు, పైనున్న మూడంకెలే చూస్తాయి. 200 అని రాసి లోపల వైఫల్యం దాచితే వాటన్నిటికీ అబద్ధం చెప్పినట్టే. కోడ్ ఎంచుకునేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు ఎవరు ఏం చేయాలి? పంపినవాళ్లు తమ రిక్వెస్ట్ మార్చుకోవాలంటే 400 వరుస. వాళ్లు మార్చుకోవాల్సింది ఏమీ లేదు, తప్పు మా వైపుదే అంటే 500 వరుస. 401 అంటే మీరెవరో నాకు తెలియదు, 403 అంటే మీరెవరో తెలుసు కానీ ఈ పనికి అనుమతి లేదు. 401కి ప్రమాణంలో ‘అన్‌ఆథరైజ్డ్’ అని పేరు పెట్టడం వల్ల ఈ రెండూ కలగాపులగం అవుతూనే ఉన్నాయి. ఇది కూడా తిరిగి తీసుకోలేని పేరే. మరీ ఎక్కువగా అడుగుతున్నవాళ్లకు 429 ఇవ్వండి, ఎంతసేపు ఆగాలో ‘రీట్రై ఆఫ్టర్’ హెడర్‌లో తప్పకుండా చెప్పండి. ఆగమని చెప్పి ఎంతసేపో చెప్పకపోతే వాళ్లు వెంటనే మళ్లీ అడుగుతారు.

ఎర్రర్ జవాబు లోపలి భాగానికి కొత్త రూపం కనిపెట్టనక్కర్లేదు. ఆర్‌ఎఫ్‌సీ 7807 అని 2016లో ఒక ప్రమాణం వచ్చింది, 2023లో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9457 వచ్చింది. అందులో ఐదు ఫీల్డ్‌లు: టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టెన్స్. వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనది టైప్. అది ఈ రకం సమస్యకు శాశ్వతమైన గుర్తు, వెబ్ చిరునామాలా కనిపించే యూఆర్‌ఐ రూపంలో ఉంటుంది. ప్రోగ్రామ్‌లు దాన్నే చూసి నిర్ణయించుకోవాలి. డీటెయిల్ మనుషులకు. అందులోని వాక్యాన్ని రేపు ఇంకా బాగా రాయాలనిపిస్తే స్వేచ్ఛగా రాసుకోగలగాలి. టైప్ ఇవ్వని ఏపీఐలలో జనం ఆ వాక్యంలోని మాటలనే వెతికి పట్టుకుంటారు. అప్పుడు కామా మార్చినా ఎవరి కోడో విరుగుతుంది.

ఇంకొక్క మాట. ఒక ఫారమ్‌లో ఐదు తప్పులుంటే ఐదూ ఒకేసారి చెప్పండి. ఒకటి దిద్దుకుని వస్తే రెండోది, అది దిద్దుకుని వస్తే మూడోది చెప్పే ఏపీఐతో నేను ఒక సాయంత్రమంతా గడిపాను. ఏ ఫీల్డ్‌లో, ఏ నియమం తప్పిందో, ఏది ఇస్తే ఒప్పుకుంటారో చెప్పాలి. ‘చెల్లని విలువ’ అన్న రెండు మాటలు చదివినవాళ్లు మళ్లీ డాక్యుమెంట్ల అడవిలోకే వెళ్లాలి.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను కష్టపెట్టినది, ఇప్పటికీ అందరూ తేలికగా తీసుకునేది, జవాబు రాని రిక్వెస్ట్. మీరు ‘ఈ ఆర్డర్ నమోదు చేయండి’ అని పంపారు. ముప్పై సెకన్లు గడిచాయి, జవాబు లేదు. మీ మాట అవతలికి చేరనే లేదేమో. చేరి, పని మధ్యలో ఆగిందేమో. పని అయిపోయి, జవాబు దారిలో పోయిందేమో. ఈ మూడింటిలో ఏది జరిగిందో మీ వైపునుంచి తెలుసుకునే మార్గం లేదు. మళ్లీ పంపితే రెండు ఆర్డర్లు కావచ్చు, పంపకపోతే ఒక్కటీ ఉండకపోవచ్చు. నెట్‌వర్క్ ఉన్నంతకాలం ఈ పరిస్థితి ఉంటుంది, దీన్ని ఎంత మంచి సర్వరూ తొలగించలేదు.

హెచ్‌టీటీపీలో దీనికి సగం జవాబు ముందే ఉంది. గెట్ (తెచ్చేది), పుట్ (ఇచ్చినదాన్ని ఆ చోట పెట్టేది), డిలీట్ (తొలగించేది) ఐడెంపొటెంట్ పద్ధతులు: ఒకసారి పంపినా నాలుగుసార్లు పంపినా సర్వర్ మీద కోరిన ప్రభావం ఒకటే. పోస్ట్ అలాంటిది కాదు, కొత్తవి సృష్టించేది ఎక్కువగా దానితోనే. మిగతా సగం జవాబు ఐడెంపొటెన్సీ కీ. క్లయింట్, అంటే అడిగే ప్రోగ్రామ్, ప్రతి కొత్త పనికీ తనే ఒక ప్రత్యేకమైన కీ తయారుచేసి హెడర్‌లో పంపుతుంది. మళ్లీ ప్రయత్నించేటప్పుడు అదే కీ పంపుతుంది. సర్వర్ ఆ కీని ముందే చూసివుంటే, పని మళ్లీ చేయకుండా అప్పటి జవాబునే తిరిగి ఇస్తుంది. స్ట్రైప్ వంటి చెల్లింపుల సంస్థల ఏపీఐలు ఈ పద్ధతిని అందరికీ పరిచయం చేశాయి.

వినడానికి తేలికగా ఉంటుంది. నేను మొదటిసారి రాసినప్పుడు మూడుచోట్ల తప్పు చేశాను, మూడూ చెబుతాను. ఒకటి, కీని ఆర్డర్‌తో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని డేటాబేస్ పనిలో) రాయలేదు. ఆర్డర్ డేటాబేస్‌లోకి వెళ్లింది, కీ రాసేలోపు సర్వర్ పడిపోయింది, మళ్లీ వచ్చిన రిక్వెస్ట్ రెండో ఆర్డర్ సృష్టించింది. ఆ ఖాతాదారుకు రెండు పెట్టెలు వెళ్లాయి. రెండు, ‘కీ ఉందా అని చూడు, లేకపోతే రాయి’ అని రెండు అడుగులుగా చేశాను. ఒకే కీతో రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండూ ‘లేదు’ అన్న జవాబే చూస్తాయి. ఈ కాపలా కోడ్‌కు అప్పగించకూడదు. ఆ కాలమ్ మీద యూనిక్ నియమం (ఒకే విలువను రెండోసారి రాయనివ్వనిది) పెట్టి, నేరుగా రాయడానికి ప్రయత్నించి, డేటాబేస్ వద్దంటేనే పాతదాన్ని చదవాలి. మూడు, అదే కీతో వేరే వివరాలు వస్తే ఏం చేయాలో ఆలోచించలేదు. పాత జవాబు ఇచ్చేస్తే అవతలివాళ్లు తమ కొత్త ఆర్డర్ నమోదైందనుకుంటారు. ఇప్పుడు రిక్వెస్ట్ సారాంశపు హ్యాష్‌ను (దాని వివరాల నుంచి లెక్కగట్టిన పొట్టి గుర్తును) కీతో పాటు దాచుకుంటాం, అది సరిపోలకపోతే ఎర్రర్ ఇస్తాం.

జాబితాలను పేజీలుగా ఇవ్వడం గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి రోజునుంచే పరిమితి పెట్టండి. ఇవాళ నలభై ఉన్న జాబితా రెండేళ్లకు నాలుగు లక్షలవుతుంది, అప్పుడు పరిమితి పెడితే పాతవాళ్లందరికీ జాబితా సగంలో తెగిపోతుంది. ‘మొదటి యాభై వదిలేసి తరువాతి యాభై’ అనే పద్ధతిలో, మీరు చదువుతుండగా పైన కొత్త ఆర్డర్ ఒకటి చేరితే యాభయ్యోది రెండోపేజీలో మళ్లీ కనిపిస్తుంది. ఒకటి తొలగిపోతే ఒకటి ఎవరికీ కనిపించకుండా జారిపోతుంది. అందుకే కర్సర్ ఇవ్వండి, అంటే చదవడం ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తు. దాని లోపల ఏముందో ఎవరూ ఊహించలేని రూపంలో ఇవ్వండి, ఊహించగలిగితే దాన్ని విప్పి వాడేస్తారు.

అలా వాడేస్తారన్న సంగతికి ఒక పేరే ఉంది. గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ గమనించినదాన్ని అందరూ హైరమ్ సూత్రం అంటారు: వాడేవాళ్ల సంఖ్య తగినంత పెరిగితే, మీరు ఒప్పందంలో ఏం రాసినా సరే, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడతారు. మా ఆర్డర్ల జాబితా కొత్తవి ముందు వచ్చేలా ఉండేది. అది మేం ఎక్కడా హామీ ఇచ్చింది కాదు, డేటాబేస్ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) అలా ఉండటం వల్ల వచ్చింది. ఇండెక్స్ మార్చిన రోజున, జాబితాలో మొదటిదే తాజా ఆర్డర్ అని నమ్మిన రెండు వ్యవస్థలు పాత ఆర్డర్లను మళ్లీ ముద్రించాయి. అప్పటినుంచి వరుసక్రమాన్ని డాక్యుమెంట్‌లో రాస్తున్నాం, పరీక్షల్లోనూ చేర్చాం.

కొత్త ఫీల్డ్ చేర్చడం మామూలుగా ప్రమాదం కాదు. ఉన్న ఫీల్డ్‌లో కొత్త విలువ చేర్చడం మాత్రం ప్రమాదమే, దీన్ని చాలామంది గమనించరు. ఆర్డర్ స్థితికి నాలుగు విలువలు ఉన్నచోట ‘పాక్షికంగా పంపాం’ అని ఐదోది చేర్చితే, నాలుగింటికే దారులు రాసుకున్న క్లయింట్ అక్కడ ఏం చేయాలి? అందుకని మా డాక్యుమెంట్‌లో మొదటి రోజే రాస్తాం: ఈ జాబితా పెరగవచ్చు, తెలియని విలువ వస్తే దాన్ని ఇలా చూసుకోండి అని. ఫీల్డ్ తీసేయాల్సివస్తే, ఏ ఖాతాదారు ఇంకా వాడుతున్నారో లాగ్‌లలో చూసి నేరుగా వాళ్లకు రాస్తాం. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8594లోని ‘సన్‌సెట్’ హెడర్‌తో ఎండ్‌పాయింట్ ఎప్పుడు ఆగిపోతుందో యంత్రాలకు చెప్పవచ్చు, మేం అదీ పంపుతాం. కానీ పని జరిగేది ఈమెయిలుతోనే. ఏపీఐ మొత్తాన్నీ రెండో వెర్షన్ పేరుతో కొత్తగా రాయాలన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ నేను వ్యతిరేకించాను. మొదటిది ఆగదు, రెండూ మోయాల్సివస్తుంది.

ఇదంతా రెస్ట్ (వెబ్ తీరును అనుసరించే రూపకల్పన శైలి) అవునా కాదా అని అడుగుతుంటారు. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో ఆ మాటకు ఇచ్చిన అర్థం చాలా కఠినమైనది. ఒక జవాబులోని లింకుల ద్వారానే తరువాతి అడుగు తెలియాలంటాడు. ఆ నిర్వచనానికి నిలవని ఏపీఐలకు ఆ పేరు పెట్టడం మీద 2008లో ఆయనే ఆవేదనగా రాశాడు. మా ఏపీఐ కూడా ఆ కొలతకు నిలవదు, కాబట్టి దానికి ఆ పేరు పెట్టను. అయినా ఆయన ఆలోచన నుంచి ఒక ముఖ్యమైనది తీసుకున్నాను: చిరునామా ఒక వస్తువుకు గుర్తు, చేయాల్సిన పని గెట్, పోస్ట్ వంటి పద్ధతిలో ఉంటుంది. రద్దు చేయడం వంటి పనికి కూడా మొదట నామవాచకం కోసం వెతుకుతాను. ఆర్డర్ స్థితి ఫీల్డ్‌ను ‘రద్దు’ అని మార్చవచ్చు, తప్పేమీ లేదు. కానీ రద్దుకు ఒక కారణం ఉంటుంది, చేసినవాళ్లు ఉంటారు, సమయం ఉంటుంది, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు ఉంటుంది. ఇన్ని ఉన్నది సొంత చిరునామాకు అర్హమైనదే. అందుకే ఆర్డర్ కింద ‘క్యాన్సలేషన్’ అని ఒక వస్తువు పెట్టాం.

పోయిన నెల ఆ భాగం రాసేముందు కాగితాన్ని మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ముందు పెట్టాను. నాలుగు ప్రశ్నలకు తను రాసిన జవాబులు మా రూపకల్పనతో సరిపోయాయి. రద్దు గురించిన ప్రశ్న దగ్గర మాత్రం జవాబు కింద తిరిగి ఒక ప్రశ్న రాసింది: “ఇప్పటికే రద్దయిన ఆర్డర్‌కు మళ్లీ రద్దు పంపితే ఏం వస్తుందండీ?”

మా కోడ్‌లో అది 409 ఇస్తోంది, పరస్పర విరుద్ధమైన స్థితి అని. తన దృష్టిలో అది తప్పు. మొదటి రద్దుకు జవాబు దారిలో పోయినవాళ్లు మళ్లీ పంపుతారు, వాళ్లు కోరింది జరిగే ఉంది, వాళ్లకు ఎర్రర్ చూపించడం దేనికని అడిగింది. ఐడెంపొటెన్సీ కీ ఉంది కదా అన్నాను. అవతలి ప్రోగ్రామ్ మధ్యలో పడిపోయి, ఆ కీ పోగొట్టుకుని తిరిగి లేస్తేనో అంది. రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఇప్పుడు రద్దయిన ఆర్డర్‌కు మళ్లీ రద్దు వస్తే 200తో పాటు మొదటి రద్దు వివరాలే, దాని అసలు సమయంతో సహా, తిరిగి పంపుతున్నాం. సరుకు లారీ ఎక్కేసిన ఆర్డర్‌కు మాత్రమే 409. డాక్యుమెంట్‌లో ఆ పేరా తనే రాసింది.